మూడోవంతు చిరుత

కాజీపల్లి అడవి అనగానే హైదరాబాదులో చాలామందికి ప్రభాస్ గుర్తొస్తాడు. 2020 సెప్టెంబరులో ఆయన ఇక్కడి 1,650 ఎకరాల రిజర్వు ఫారెస్టును దత్తత తీసుకుని, దాని బాగుకు 2 కోట్లు ఇస్తానన్నాడు. కొద్ది భాగంలో ఆయన తండ్రి సూర్యనారాయణ రాజు పేరిట పార్కు, మిగతాది అడవిగానే ఉంచడం అప్పటి ఆలోచన. ఇంకొందరికి కాజీపల్లి అంటే మందుల కంపెనీలు, రంగు మారిన చెరువు. ఊరివాళ్లకు మాత్రం ఇప్పుడు అడవి అంటే ముందు పందులు, అప్పుడప్పుడు చిరుత.

కింది మాటలు అడవి అంచున మూడెకరాలున్న ఒక మామవి, సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్రీ కాలేజీలో చదివి వచ్చిన ఆయన మేనల్లుడివి. ఇద్దరూ కల్పితులే, వాళ్ల తగవు మాత్రం కాదు.

మామ: రాత్రి మల్ల పడ్డయ్ అల్లుడా. మక్క పాలకంకి మీదున్నది. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. నువ్వేమో అడవిని శాస్త్రం ప్రకారం సూసుకోవాలె అంటవు. జర చెప్పు, నీ శాస్త్రంల పందికి మందేంది?

అల్లుడు: ముందుగాల పంది ఎందుకొచ్చిందో సూద్దాం మామా.

మామ: ఆకలై వచ్చింది. ఇండ్ల శాస్త్రమేమున్నది? నన్నడిగితే రెండే ముచ్చట్లు. పందిని కాల్చాలె. చిరుతను పట్టి దూరం అడవిల ఇడిసిపెట్టాలె. అడవి సుట్టు సందు లేకుంట గోడ కట్టాలె.

అల్లుడు: రెండంటివి, మూడు చెప్పితివి.

మామ: కోపంల లెక్క తప్పుతది. లెక్కలు సదివినోనివి, నువ్వే సరిజెయ్యి.

అల్లుడు: సరే, చిరుతతోని మొదలువెడ్త. 2022 డిసెంబరు గుర్తున్నదా?

మామ: ఎందుకు లేదు? గడ్డపోతారంల మందుల కంపెనీల జొచ్చింది. సీసీ కెమెరాలల్ల సూసి పనోళ్లంత బయటికి ఉరికిన్రు. మత్తుసూది కొట్టి జూ పార్కుకు పట్టుకపోయిన్రు.

అల్లుడు: దాన్ని తీస్కపోయినంక చిరుతల ముచ్చట ఆగిందా?

మామ: యాడ ఆగింది? 2025 ఏప్రిల్‌ల ఇక్రిశాట్‌ల ఇంకోటి బోన్ల పడ్డది.

అల్లుడు: మన అడవి 1,650 ఎకరాలు. అంటే ఏడు చదరపు కిలోమీటర్లు గూడ నిండవు. మహారాష్ట్రల అకోలె అని ఉన్నది, చెరుకు పండే జాగ. పెద్ద అడవి లేదు, ఊర్లే ఊర్లు. విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త, ఆమె తోటోళ్లు అక్కడ రాత్రిపూట కెమెరాలు కట్టి చిరుతలను మచ్చల గుర్తుతోని లెక్కవెట్టిన్రు. ఒక చిరుత మచ్చలు ఇంకోదానికి ఉండవు గదా. 2013ల అచ్చయింది. నూరు చదరపు కిలోమీటర్లకు దగ్గర దగ్గర అయిదు చిరుతలు తేలినయ్. ఆ లెక్కన మన అడవికి ఎన్నొస్తయ్ చెప్పు.

మామ: నూటికి అయిదంటే... ఏడుకు... ఒకటి గూడ రాదు గదరా.

అల్లుడు: మూడోవంతు చిరుత.

మామ: మూడోవంతు చిరుత ఎట్లుంటది? తలకాయ దిక్కా, తోక దిక్కా?

అల్లుడు: ఉండదు. గదే నేను చెప్పేది. ఈ అడవి చిరుతకు ఇల్లు గాదు, ఇంట్ల ఒక అర్ర. తక్కిన అర్రలు నర్సాపూర్ దిక్కు అడవులు, నడుమ గుట్టలు, బీళ్లు, ఇక్రిశాట్ అసుంటి పెద్ద కాంపౌండ్లు. ఒకదాన్ని పట్టుకపోతే జాగ ఖాళీ అయితది, ఖాళీ జాగకు ఇంకోటి వస్తది. దాన్ని ఇడిసిపెట్టిన కాడ గూడ బాధనే. ఆ మహారాష్ట్రలనే జున్నర్‌ల 2001 నుంచి చిరుతలను పట్టి పట్టి వేరే అడవులల్ల ఇడిసిన్రు. అంతకుముందు ఏడాదికి సగటున నాలుగు దాడులుండె మనుషుల మీద. ఇడుసుడు మొదలుపెట్టినంక పదిహేడు.

మామ: ఎందుకట్ల?

అల్లుడు: తెల్వని జాగ, తెల్వని బాటలు. ఏడ నీళ్లున్నయో, ఏ టైముకు మనుషులు తిరుగుతరో దానికి తెల్వది. మన సుట్టు తిరిగే చిరుతకు షిఫ్టు ఎప్పుడు ఇడుస్తరో గూడ తెలిసే ఉంటది.

మామ: తెలిసినంత మాత్రాన భయం పోతదా? నడిజామున షిఫ్టు దిగి మోపెడ్ మీదొచ్చే పోరగాండ్లున్నరు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి రేకుల షెడ్లల్ల పండేటోళ్లున్నరు. వాళ్లకు పోయి నూరు కిలోమీటర్లకు అయిదు అని చెప్తవా?

అల్లుడు: అది చెప్ప. చిరుత షెడ్డు దాకా ఎందుకొస్తుందో చెప్త. అకోలె చిరుతలు తిన్నదాంట్ల, బరువు లెక్కన, నూటికి 39 పాళ్లు కుక్కలే. షెడ్ల ఎనక పారేసే అన్నం, చికెన్ సెంటరోళ్లు రాత్రి తెచ్చి అడవి అంచుల గుమ్మరించే పేగులు, ఈకలు. వాటికి కుక్కలు, కుక్కలకు చిరుత. బోను పెట్టే ఖర్చుతోని చెత్తబండి రోజూ తిప్పొచ్చు.

మామ: అంటే అడవి శాఖ పని చెత్తబండి చెయ్యాలె.

అల్లుడు: చానామట్టుకు అంతే మామా.

(ఇక్కడ అల్లుడి లెక్కలో ఒక లొసుగు ఉంది. చెరుకుతోట చిరుతకు మంచి దాపు. కాజీపల్లి చుట్టూ ఉన్నవి ప్రహరీలు, పొగగొట్టాలు, హద్దురాళ్లు. ఆ లెక్క ఇక్కడ ఉన్నదున్నట్టు అతకదు. అయితే ఇక్కడ చిరుతలు ఇంకా పలచగా ఉంటే అతని వాదం బలపడుతుందే తప్ప సడలదు. సాంద్రత తెలియకుండా బోను పెట్టేవాడు ఒక జంతువును చూస్తున్నాడు, జనాభాను చూడటం లేదు.)

మామ: సరే, చిరుతను ఇడిసిపెడ్త. అది నా మక్క తినదు. పందికి మూడోవంతులు లేవు, మందకు మంద. 2021ల సర్కారే సర్పంచులకు పందిని కాల్పిచ్చే అధికారమిచ్చింది. సర్కారుకు గూడ నీ అంత శాస్త్రం తెల్వదా?

అల్లుడు: ఇచ్చింది. మరి నువ్వు కాల్పిచ్చినవా?

మామ: ఎట్ల కాల్పిస్త? లిస్టుల పేరున్న షూటరే కొట్టాలెనాయె. సర్పంచుల గడువు 2024 మొదట్లనే అయిపాయె, అటెనక ప్రత్యేకాధికారుల రాజ్యం ఎన్ని దినాలు నడిచింది? అధికారి దగ్గరికి పోతే ఫైలు అంటడు, పంది దగ్గరికి పోతే ఉరికొస్తది. ఇంకో ముచ్చట. చట్టం ప్రకారం చచ్చిన అడవిపంది సర్కారు ఆస్తి. బతికున్నన్ని దినాలు నా మక్క తింటది, చచ్చినంక సర్కారుదైతది. ఇదేం న్యాయం?

అల్లుడు: న్యాయం ముచ్చటల నీతోని కొట్లాడ. కాల్చుడు తప్పని గూడ అన. కాల్చుడొక్కటే అయితే పని కాదంట. పంది ఒక్క ఈతకు నాలుగైదు పిల్లలను పెడ్తది. తిండి బాగుంటే ఏడాది తిరిగేవరకల్ల ఆ పిల్లలు గూడ ఈతకొస్తయ్. మన అడవిల పందిని తగ్గించే జంతువే లేదాయె. ఫ్రాన్స్‌ల ఒక అడవిల ఇరువై ఏండ్లకు పైన, ఎంత వేటాడిన్రో, ఎన్ని ఈనినయో రాసుకున్నరు. వేట పెరిగిన కొద్ది పందులు ముందుగాల ఈనుడు మొదలువెట్టినయ్, పన్నెండు దినాల దాకా ముందుకు జరిగింది. తొందరగ పుట్టినది తొందరగ ఎదుగుతది, తొందరగ ఈనుతది.

మామ: అంటే నేను కాలిస్తే అది ఇంకా ఎక్కువ కంటది. కాల్చకుంటే నా చేను తింటది. నీ శాస్త్రం రెండు దిక్కుల నన్నే కొడ్తున్నది.

అల్లుడు: ఎన్నున్నయో లెక్కలేకుంట కొన్ని కాలిస్తే కొట్టినట్టు గాదు, కోసినట్టు. చెట్టు కొమ్మలు కోస్తే మల్ల చిగురేస్తది సూడు. తగ్గాలంటే ఏటా పుట్టేటియి ఎన్నో, చచ్చేటియి ఎన్నో తెల్వాలె, తెలిసినంక పుట్టే లెక్కకు మించి తియ్యాలె. లేకుంటే తిండి తగ్గియ్యాలె. 2016ల బిహార్‌ల నీల్‌గాయిలను కాల్చనీకి మన హైదరాబాద్ షూటర్లు పోయిన్రు, యాదికున్నదా?

మామ: ఉన్నది. ఢిల్లీల ఇద్దరు మంత్రులే కొట్లాడుకున్నరు, జవదేకర్, మేనకా గాంధీ.

అల్లుడు: ఒకరు చంపాలె అన్నరు, ఒకరు చంపొద్దన్నరు. ఎన్నున్నయ్, ఎన్నుంటే పంట ఓర్సుకుంటది అనే ముచ్చట మూలకు వడ్డది.

మామ: తిండి తగ్గించాలె అంటివి. పంది తిండి నా చేనే గదా. చేను తగ్గియ్యమంటవా?

అల్లుడు: చేనుకు అడ్డం పెట్టుమంట. రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీల పక్షులు, జంతువుల పంట నష్టం మీదనే పనిచేసే ఒక విభాగం ఉన్నది...

మామ: ఎరుకనే. కోడిగుడ్ల నీళ్లు కొట్టిన. గంధకం, కిరసనాయిల్ తాపిన తాడు కట్టిన. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్టు పొంటి చల్లిన. ఆముదం రెండు సాళ్లు ఏసిన. మొదలు భయపడ్డయ్. తర్వాత తాడు మీదికెళ్లి దుంకినయ్.

అల్లుడు: మార్చుకుంట చెయ్యాలె మామా. ఒక్క వాసనకు పంది అలవాటు పడ్తది. ఇంకోటి, నువ్వొక్కనివి చేస్తే మంద పక్క చేన్లకు పోతది, అక్కడ ఆకలి తీరకుంటే మల్ల నీ కాడికే వస్తది. అందరు కలిసి చేస్తే...

మామ: ఏ అందరు? పక్క చేను యాడున్నది? తూర్పుకు వెంచరు, దక్షిణానికి వెంచరు, పడమటికి గోడౌను. ఉత్తరానికి అడవి. ముందుగాల ఇరువై మంది రైతుల మీద పడే పంది ఇప్పుడు నా ఒక్కని మీద పడ్తున్నది. ఇది నీ కెమెరాలకు కనబడతదా?

అల్లుడు కాసేపు ఏమీ అనలేదు. అనడానికి లేదు కూడా. పందుల సంఖ్య మారకపోయినా, అవి మేసే భూమి కుదించుకుపోతే మిగిలిన ఎకరం మీద భారం పెరుగుతుంది. పందులు పెరిగాయని రైతు అంటాడు, పెరగలేదని అధికారి అంటాడు. ఒక్కోసారి ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

మామ: ఏజెంటు వారం వారం వస్తుండు. ఎకరానికి ఎంతంటే అంత అంటుండు. రింగు రోడ్డు దగ్గరాయె. అమ్మితే నా పంది బాధ తీరిపాయె.

అల్లుడు: నువ్వు అమ్మొద్దు మామా.

మామ: ఎందుకు?

అల్లుడు: నీ చేను పోతే అడవి అంచు దాకా గోడలొస్తయ్. ఇప్పుడు అడవికి, ఊరికి నడుమ ఉన్న మెత్తటి జాగ నీ చెల్కనే. పంది, నెమలి, కుందేలు, చిరుత అన్నీ దాని మీదికెళ్లే అటూఇటూ పోతున్నయ్.

మామ: అట్లనా? అంటే నా పొలం నీ అడవికి కాపలా. మరి జీతమెంత?

అల్లుడు: పరిహారం...

మామ: పరిహారం పంట సస్తే ఇచ్చేది. నేను బతికుండంగ రాత్రి రాత్రి కావలి ఉంటున్న. పార్కుకు దాత దొరికిండు, సంతోషం. పార్కు పక్కన మక్కకు దాతేడి? మీ పుస్తకంల నా పేరు యాడన్న ఉన్నదా, లేకుంటే ‘అంచు’ అని రాసి ఇడిసిపెట్టిన్రా?

అల్లుడు: అంచు అనే రాసిన్రు. తప్పే. అడవిని కాపాడే ఖర్చుల చేను నష్టం గూడ కలపాలె. దానికి ఇయ్యాల మన కాడ సరైన దారి లేదు. కరెంటు తీగ మాత్రం పెట్టకు మామా. పందికని పెట్టిన తీగకు మనుషులు సచ్చిన ఊర్లు మస్తున్నయ్.

మామ: పెట్ట. గంత బుద్ధిలేనోన్ని గాదు. గందుకే గోడ అడుగుతున్న.

అల్లుడు: గోడ కడితే ఏమైతదో వనస్థలిపురం కాడ సూసిన్రు. హరిణ వనస్థలి 1975ల జింకల పార్కు అయ్యింది. సుట్టు ఊరు కమ్ముకున్నది, లోపట వేటాడే జంతువు లేదు. చుక్కల దుప్పులు పెరిగి పెరిగి, ఆఖరుకు వాటిని లారీలల్ల ఎక్కిచ్చి కవ్వాల్ అసుంటి అడవులకు తోలాల్సొచ్చింది. గోడ లోపటి అడవిల పుట్టుడు, సచ్చుడు రెండూ మనమే సూసుకోవాలె. అది అడవి గాదు, దొడ్డి.

మామ: గోడ లేకుంటే అది దొడ్డి గూడ కాదు, ప్లాట్లు. 2025 మార్చి ఆఖరుకు కంచ గచ్చిబౌలిల ఏం జరిగిందో టీవీల సూడలేదా? 400 ఎకరాలు, బుల్డోజర్లు, రాత్రి నెమళ్ల అరుపులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపకుంటే ఏమయ్యేది? అక్కడ గూడ చెట్లుండె, జంతువులుండె. కాగితం మీద అడవి అని లేకుండె. మన అడవికి కాగితం ఉన్నది, కాగితానికి గోడ ఆసరా.

అల్లుడు: నువ్వన్నది నిజమే. గోడ మనిషికి కావాలె. జంతువుకు సందు కావాలె. వాగు పారే కాడ, రోడ్డు కింది తూముల కాడ సందు ఇడిస్తే సాలు.

మామ: సందు ఇడిస్తే రాత్రి ట్యాంకరు దూరుతది. ఏ కంపెనీదో తెల్వదు. లోపట గుమ్మరించి పోతది. తెల్లారి పోతే ముక్కు మూసుకోవాలె, గడ్డి మాడిపోతది.

అల్లుడు: ట్యాంకరు దూరనంత, చిరుత దూరేటంత సందు. అది కొలిచి కట్టొచ్చు.

చెట్ల గురించి వాళ్లిద్దరికీ పెద్దగా తగవు లేదు. ఎండు మోళ్లలా కనబడే మోదుగ, తునికి వేర్లు భూమిలో బతికే ఉంటాయని, మంట పెట్టకుండా, పశువులు తొక్కకుండా నాలుగేళ్లు వదిలేస్తే వాటంతట అవే లేస్తాయని మామకు చిన్నప్పటి నుంచే తెలుసు. అల్లుడికి కాలేజీలో తెలిసింది. గుంత తవ్వి నర్సరీ మొక్క పెట్టడానికి ఉన్న వేరును నరికేసే పనిని ఇద్దరూ ఒకే మాటతో తిట్టారు. ఆ మాట ఇక్కడ అచ్చు వేయలేను.

మామ: ఇప్పుడు నేనొకటి అడుగుత. లెక్కవెడితే అన్నీ సక్కగైతయంటవు. మన చెరువును లెక్కవెట్టలేదా?

అల్లుడు: వెట్టిన్రు.

మామ: ఎవలు, ఏం తేలింది, చెప్పు. నువ్వే సదివి ఇనిపిచ్చినవ్ ఒకనాడు.

అల్లుడు: స్వీడన్ శాస్త్రవేత్తలు. 2007ల పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదన్నరు. శుద్ధి చేసినంక ఉన్నది అది. 2014ల మన కాజీపల్లి చెరువే. దాంట్ల సూక్ష్మజీవుల జన్యువులు సదివిన్రు. మందులను తట్టుకునే జన్యువులు 81 రకాలు తేలినయ్. స్వీడన్‌ల ఒక చెరువుతోని పోలిస్తే ఏడువేల రెట్లు ఎక్కువ.

మామ: ఏడువేల రెట్లు. గంత చిన్న పురుగును, దాని కడుపులున్న దాన్ని లెక్కవెట్టినోళ్లు, ఆ నీళ్లు తాగిన బర్రె ఎందుకు ఈసుకపోయిందో మాత్రం చెప్పరు. చెప్పినా ఏమైంది? పటాన్‌చెరు డాక్టరు కిషన్ రావు సారు ఎన్నేండ్లు తిరిగిండు? 1990ల సుప్రీంకోర్టుకు పోయిన కాలుష్యం కేసు 2001ల హైకోర్టుకు వచ్చె, ఆఖరుకు గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయె. లెక్క తేలినంత మాత్రాన ఎవడు వింటడు? పందిని లెక్కవెడితే పందిని కాల్చొచ్చు. కంపెనీని లెక్కవెడితే ఏం జేస్తవ్?

అల్లుడు: లెక్క లేకుంటే ఆ కేసు గూడ నిలబడేది గాదు మామా. 2009ల కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు మన పటాన్‌చెరు–బొల్లారంను అత్యంత కలుషిత ప్రాంతాల జాబితల పెట్టింది. గీత 70 మార్కులు, మనకు 70.07. ఆ అంకె మీదనే కొత్త కంపెనీలకు కొన్ని దినాలు బ్రేకు పడ్డది.

మామ: కొన్ని దినాలు.

అల్లుడు: కొన్ని దినాలే.

మామ: అడవిల నీళ్ల గుంట తవ్వుతరంట గదా ఎండకాలం జంతువులకు. అవి గుంటల తాగుతయా, చెరువుల తాగుతయా?

అల్లుడు: ఏది దగ్గరుంటే అది. పంది బురదల పొర్లుతది గూడ. గుంటల నీళ్లు ఎండనీయకుంటే చెరువుకు పోవుడు తగ్గొచ్చు. కాని గుంట ఎక్కువైతే అడవిల పందులు పెరుగుతయ్. ఎండకాలం దాహమే వాటిని కొంత అదుపుల పెట్టేది.

మామ: సూసినవా? మంచినీళ్లు పోస్తే పందులు పెరుగుతయ్, విషపు నీళ్లు తాగితే నీకు గూడ బాధైతది. నీ శాస్త్రం ఏ గుంట తవ్వమంటది?

అల్లుడు: చిన్నయి, కొన్నే. అడవి నడుమ, చేన్లకు దూరం. పందులు ఏ దారిన చెరువుకు పోతున్నయో తెలిసినంకనే తవ్వాలె. గందుకే నీ గట్టు మీద ఒక కెమెరా కడ్త అంటున్న. నెల దినాలు. ఏ రాత్రి, ఎన్ని గంటలకు, ఎన్ని పందులు, పిల్లలెన్ని. తేది, టైము ఫొటో మీదనే పడ్తయ్.

మామ: ఆ ఫొటో నాకొకటిస్తవా?

అల్లుడు: నీకెందుకు?

మామ: పంట నష్టం దరఖాస్తుకు. పంది వచ్చిందని నేనంటే రాసుకునే సారు నమ్మడు, పశువులు మేసినయేమో అంటడు. టైము పడ్డ ఫొటో ఉంటే ఎట్లంటడు?

అల్లుడు: ఇస్త. అన్నీ ఇస్త.

మామ: అయితే రెండు కెమెరాలు కట్టు. ఒకటి గట్టుమీద. ఇంకోటి అడవి అంచున బండ్లు దూరే కాడ, రోడ్డు దిక్కు మొకం పెట్టి.

అల్లుడు: అక్కడ పందులు రావు మామా.

మామ: పందుల కోసం కాదు.

అల్లుడు: ట్యాంకరు నంబరు పడితే లొల్లి అయితది. నా పని జంతువుల లెక్క.

మామ: ఆ నీళ్లు తాగేటియి నీ జంతువులే గదా. ఏం, నీ కెమెరాకు పంది కనబడ్తది గాని ట్యాంకరు కనబడదా?

అల్లుడు: కనబడ్తది. చిరుతకైతే మోకాలెత్తున కడ్తం. నంబరు ప్లేటు కావాలంటే జానెడు పైకి జరపాలె.